ఇంటికి తేవడం తర్వాత, ముందు దవాఖానకు

ప్రశ్న:

అక్కా, మాది హనుమకొండ. నాకు 36 ఏండ్లు, ఇద్దరు పిల్లలు. మా ఆయన ప్రైవేటు కాలేజీల పని చేస్తరు. నా తర్వాత పుట్టినోడు మా తమ్ముడు. చిన్నప్పటి సంది వాడి నడక, మాట వేరేగనే ఉండె. డిగ్రీ రెండో సంవత్సరంల ఉండంగ బాపు కొట్టి ఇంట్లకెళ్ళి ఎల్లగొట్టిండు. ఏడేండ్లయితుంది. హైదరాబాద్‌ల ఉన్నడని కొన్ని రోజులు, బొంబాయి పోయిండని కొన్ని రోజులు విన్నం. పోయినేడు బాపు చచ్చిపోయిండు. కబురు చెప్పుదామంటే నంబర్ కూడా లేకుండె.

నెల కింద మంచిర్యాల పోదామని కాజీపేట స్టేషన్ల భాగ్యనగర్ బండి కోసం నిలబడ్డ. ప్లాట్‌ఫారం చివర్ల కనబడ్డడు. చీర కట్టుకున్నడు, జుట్టు పెంచుకున్నడు. నన్ను చూసి పక్కకు తిరిగిండు. నేనే పోయి చెయ్యి పట్టుకున్న. బాగ బక్కగయిండు. మాట్లాడినంత సేపు దగ్గుతనే ఉన్నడు. కిరాయి రూం ఓనర్ ఖాళీ చేపించిండట, రాత్రిపూట స్టేషన్ బయటనే పంటున్నరట. దవాఖానకు పోదాం పా అంటే, “నేను రాను, ఆడ నన్ను మనిషి లెక్క సూడరు” అన్నడు. అమ్మకు చెప్తే, మంచి మెంటల్ డాక్టర్‌కు చూపిస్తే మారతడేమో అంటది. మా ఆయనకు ఇంకా చెప్పలే. ఇంటికి తీసుకొస్తే పిల్లలు, ఇరుగుపొరుగు ఏమనుకుంటరో. తీసుకురాకపోతే నాకు నిద్ర పడుతలేదు. నేనేం చెయ్యాలె?

— ఒక అక్క, హనుమకొండ

(ఉత్తరం పెద్దది, కుదించాను. ఆనవాలు పట్టే వివరాలు తీసేశాను.)

సమాధానం:

చెల్లె,

నీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో ‘వాడు’, ‘వాడి’ అన్న మాటలు లెక్కపెడుతూ ముప్పై దగ్గర ఆపేశాను. తను ఇప్పుడు పెట్టుకున్న పేరు మాత్రం ఒక్కసారే రాశావు, అదీ మూడో పేజీలో, బ్రాకెట్లో, చిన్న అక్షరాలతో. తప్పు పట్టాలని చెప్పడం లేదు. ప్లాట్‌ఫారం మీద ఆ కాసేపట్లో పేరు అడిగి తెలుసుకున్నావంటే సగం దూరం నడిచినట్టే. ఈ జవాబులో నేను ‘నీ చెల్లెలు’ అనే రాస్తాను. చదువుతుంటే మొదట్లో నీకు అన్నంలో రాయి తగిలినట్టు ఉంటుంది. కానీ రేపు ఓపీ కౌంటర్ దగ్గర ఆ మాట ముందుగా అనాల్సింది నువ్వే. ఇక్కడే అలవాటు చేసుకో.

ఇంటికి తేవాలా వద్దా అని అడిగావు. ఉత్తరమంతా వెతికాను, తను ఇంటికొస్తానని ఎక్కడా అనలేదు. తను చెప్పినవి రెండే. పడుకోవడానికి చోటు లేదు, దవాఖానలో మనిషి లెక్క చూడరు. ఆ రెండూ పక్కన పెట్టి నువ్వు ఇల్లు, వాడకట్టు, మా ఆయన అనుకుంటూ నెల గడిపావు. ఆ నెలలో దగ్గు దానంతటది తగ్గి ఉండదు. కాబట్టి దగ్గు సంగతి ముందు చూద్దాం.

దగ్గు రెండు వారాలు దాటితే, దానికి తోడు బక్కచిక్కితే, టీబీ పరీక్ష చేయించాల్సిందే. సాయంత్రం పూట ఒళ్ళు వెచ్చబడుతుందా, రాత్రి చెమటకు జాకెట్ తడుస్తుందా అని అడుగు. ఉందని నేననడం లేదు, ఉందో లేదో తేలేదాకా ఊరుకోవద్దంటున్నాను. పరీక్ష సర్కారు దవాఖానలో ఉచితం. వరంగల్‌లోని పెద్ద సర్కారు దవాఖాన ఎంజీఎం దాకా పోవడానికి తను భయపడితే దగ్గర్లోని అర్బన్ హెల్త్ సెంటర్‌లోనో బస్తీ దవాఖానలోనో అడగండి, అక్కడి నుంచి కూడా తెమడ పరీక్షకు పంపుతారు. డబ్బీ ఇస్తారు. అందులో ఉమ్మి పడితే లాభం లేదు, తెమడ పడాలి. పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, లోపలి నుంచి దగ్గి తీయాలి. ఇది చాలామందికి ఎవరూ చెప్పరు. నీళ్ళలాంటి ఉమ్మి ఇచ్చి వస్తారు, రిపోర్టులో ఏమీ లేదని వస్తుంది, దగ్గు అట్లాగే ఉంటుంది. డబ్బీలో పట్టేటప్పుడు గదిలో కాదు, ఆరుబయట.

టీబీ అని తేలితే ఆరు నెలల మందు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన గోళీలు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి, బరువును బట్టి రోజుకు ఇన్నని ఇస్తారు. మొదటి రోజే మూత్రం నారింజ రంగులో వస్తుంది. నెత్తురనుకుని హడలిపోయి మందు మానేసినవాళ్ళను నేను చూశాను. అది రిఫాంపిసిన్ అనే మందు రంగు, భయం లేదు. అదే మందుతో ఇంకో సంగతి కూడా ఉంది, ఇది డాక్టర్లు కూడా అడగడం మరిచిపోతారు. నీ చెల్లెలి లాంటి ట్రాన్స్ మహిళలు చాలామంది మెడికల్ షాపులో గర్భనిరోధక మాత్రలు కొని హార్మోన్ల కోసం వేసుకుంటారు, ఎన్నంటే అన్ని. రిఫాంపిసిన్ వేసుకుంటే ఆ హార్మోన్ల పని తగ్గిపోతుంది. పని చేయడం లేదని వాళ్ళు ఇంకో రెండు ఎక్కువ మింగుతారు. కాళ్ళలో నెత్తురు గడ్డకట్టే ప్రమాదం ఆ మాత్రలతో ఎట్లాగూ ఉంది, సిగరెట్ అలవాటుంటే మరీ ఎక్కువ. తను ఏమేం వేసుకుంటుందో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పమను. నీ ముందు చెప్పలేకపోతే నువ్వు కాసేపు బయటికి పో.

టీబీ మందుకు పేరు నమోదు చేసినప్పుడు ఒక నిక్షయ్ నంబరు ఇస్తారు, అంటే టీబీ రోగుల సర్కారు రికార్డులో తన నంబరు. అది రాసి నీ దగ్గర కూడా పెట్టుకో. నీ చెల్లెలు రైళ్ళ మీద తిరిగే మనిషి. రేపు కాగజ్‌నగర్‌లోనో నాగపూర్‌లోనో ఉన్నా ఆ నంబరు చెప్పి అక్కడి సర్కారు దవాఖానలో మందు కొనసాగించవచ్చు. తిండికి నెలకు 1000 రూపాయలు ఖాతాలో వేస్తారు. 2018లో మొదలైనప్పుడు 500 ఉండేది, 2024 నవంబరు నుంచి రెట్టింపు చేశారు. వెయ్యి రూపాయలతో నెలంతా తింటారా అంటే తినరు. కానీ గుడ్లకు వస్తాయి.

టీబీ వచ్చినవాళ్ళందరికీ హెచ్ఐవీ పరీక్ష కూడా చేస్తారు, అది పద్ధతి. అది వినగానే ‘అయ్యో, ఏం పనులు చేసిందో’ అని నీ మొహంలో కనబడనివ్వకు. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం తన ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు, తనను అడగకుండా ఫలితం ఎవరికీ చెప్పకూడదు. ఆ ఎవరికీలో నువ్వూ ఉన్నావు. ఉందని తేలితే మందులు ఏఆర్‌టీ సెంటర్లో ఉచితం, ఎంజీఎంలోనే ఉంది. క్రమంగా వేసుకుని రక్తంలో వైరస్ కనబడనంత తగ్గితే శారీరక సంబంధం ద్వారా ఇంకొకరికి అంటదు. సందేహాలకు 1097కు ఫోన్ చేస్తే తెలుగులోనే చెప్తారు.

ఇక ‘ఆడ నన్ను మనిషి లెక్క సూడరు’ అన్న మాట. దానికి జవాబు చెప్పాలంటే నా సంగతి ఒకటి చెప్పాలి.

నేను సర్కారు దవాఖానలో చాలా ఏండ్లు స్టాఫ్ నర్సుగా పనిచేశాను. ఏ దవాఖానో అవసరం లేదు. ఒక రాత్రి డ్యూటీలో ఆటో డ్రైవర్ ఒకాయన జ్వరంతో కాలిపోతున్న ఒక హిజ్రాను తెచ్చి దింపి, కిరాయి కూడా అడగకుండా పోయాడు. మగవాళ్ళ వార్డుకు పంపితే అక్కడివాళ్ళు గొడవ. ఆడవాళ్ళ వార్డుకు పంపితే పేషెంట్ల వెంట ఉన్నవాళ్ళు ఒప్పుకోలేదు. ట్రాలీ రెండు వార్డుల మధ్య వరండాలో ట్యూబ్‌లైట్ కింద ఆగిపోయింది. సెలైన్ పెట్టింది నేనే. ఆధార్‌లో ఉన్న మగ పేరు కేస్ షీట్ మీద రాసింది కూడా నేనే. తెల్లారి రౌండ్స్ ముందు ఆ పేరుతో గట్టిగా పిలిచాను. వరండాలో చాయ్ తాగుతున్నవాళ్ళంతా తిరిగి చూసి నవ్వారు. ఎవరో ఈల వేశారు. నేనేమీ అనలేదు. పదింటికి ఇంజెక్షన్ తీసుకుని పోతే ట్రాలీ ఖాళీ. సెలైన్ గొట్టాన్ని చక్కగా చుట్టి, సూది గుచ్చుకోకుండా దూదిలో పెట్టి, దిండు మీద ఉంచి పోయింది. ఎవరికీ గుచ్చుకోవద్దని. జ్వరం 103 ఉంది అప్పటికి.

ఆ దూది నాకు ఇప్పటికీ కళ్ళముందు ఉంటుంది. ఆ రాత్రి మందులు లేక కాదు, బెడ్ లేక కాదు. పక్కన ‘ఈమె మా మనిషి’ అనేవాళ్ళు ఒక్కరూ లేక.

ఆ భయం నీ చెల్లెలిది ఒక్కదానిదే కాదు. నిజాం కాలంలో, 1919లో, మన ప్రాంతానికి ఒక చట్టం ఉండేది. ఆడవేషంలో బజార్లో కనబడ్డ హిజ్రాను వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు. వాళ్ళ పేర్లు రిజిస్టరులో రాసిపెట్టాలి, దొంగల జాబితా లెక్క. నిజాం పోయినా, ఆంధ్రప్రదేశ్ వచ్చినా, తెలంగాణ వచ్చినా ఆ చట్టం పుస్తకాల్లో అట్లాగే ఉంది. 2023 జులైలో మన హైకోర్టు కొట్టేసింది, ఆసరా పింఛను వీళ్ళకూ ఇవ్వాలని అదే తీర్పులో చెప్పింది. అంతకు ముందే 2014లో సుప్రీంకోర్టు వీళ్ళను మూడో జెండర్‌గా గుర్తించింది. కాగితం మీద ఇదంతా మారింది. ఓపీ లైన్ దగ్గర మగవాళ్ళ వరస, ఆడవాళ్ళ వరస అట్లాగే రెండు ఉన్నాయి.

కాబట్టి ఇట్లా చెయ్యి. పోయే ముందు తనను అడుగు, ‘చీటీ మీద ఏ పేరు రాయించమంటావు?’ అని. ఆధార్ పేరే ఇవ్వక తప్పకపోతే, పిలిచేటప్పుడు మాత్రం ఇప్పటి పేరుతో పిలవమని కౌంటర్లో అడుగు. తను కూర్చుంటే నువ్వు లైన్లో నిలబడు. ఎవరన్నా పళ్ళికిలిస్తే కొట్లాటకు పోకు, ‘మా చెల్లె’ అని మామూలు గొంతుతో చెప్పు. సగం నోళ్ళు అక్కడే మూతపడతాయి. చదువుకున్న అక్క, పెండ్లయిన అక్క, మెడలో పుస్తెలతాడు ఉన్న అక్క పక్కన నిలబడితే సిబ్బంది మాట మారుతుంది. అట్లా ఉండకూడదు, మనిషైతే చాలనాలి. కానీ ఉంది, వాడుకో. డాక్టరో నర్సో మరీ అవమానించి పంపిస్తే సూపరింటెండెంట్‌కు కాగితం రాసి ఇవ్వు, నకలు మీద ముద్ర వేయించుకో. నోటితో చెప్పింది గాలికి పోతుంది.

2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ట్రాన్స్‌జెండర్ల కోసం జిల్లాల్లో మైత్రి క్లినిక్‌లు తెరిచింది. ఎంజీఎంకు పోయినప్పుడు మైత్రి క్లినిక్ ఏ రోజుల్లో, ఏ గదిలో అని అడుగు. అక్కడ మర్యాద బాగుందో లేదో నీ చెల్లెలి గురువునో, అంటే వాళ్ళ సమూహంలో పెద్దనో, తోటివాళ్ళనో ముందే అడిగి తెలుసుకో. వాళ్ళకు తెలిసినంత మనకు తెలియదు. హెచ్ఐవీ మీద పనిచేసే సంస్థల్లో వాళ్ళలోనే కొందరు తోటివాళ్ళకు చెప్పి తెలియజేసే పీర్ ఎడ్యుకేటర్లుగా ఉంటారు, రోజూ స్టేషన్లు, బస్టాండ్లు తిరుగుతారు. ఏ గదిలో ఏ సిస్టర్ మంచిదో నోటికి చెప్తారు. నువ్వు పది రోజులు తిరిగి తెలుసుకునేది వాళ్ళు పది నిమిషాల్లో చెప్తారు.

హైదరాబాద్ నారాయణగూడలో 2021లో మిత్ర్ క్లినిక్ అని తెరిచారు, నడిపేవాళ్ళూ ట్రాన్స్‌జెండర్లే. నడిచింది అమెరికా సాయంతో. 2025 జనవరిలో అక్కడి కొత్త ప్రభుత్వం విదేశాలకు ఇచ్చే పైసలు ఆపేసింది, ఇక్కడ తలుపుకు తాళం పడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ అన్న పేరుతో మళ్ళీ తెరిచారు, సంతోషం. కానీ ఎక్కడో వాషింగ్టన్‌లో సంతకం చేస్తే నారాయణగూడలో సూది మందు ఆగిపోయే పరిస్థితి ఉండకూడదు. అందుకే నేను సర్కారు దవాఖాననే పట్టుకుని కూర్చుంటాను. అక్కడ మర్యాద లేదంటే మర్యాద కోసం కొట్లాడాలి, వదిలేసి రాకూడదు. ఆదిలాబాద్ రిమ్స్‌లో ఎంబీబీఎస్ చదివిన ప్రాచి రాథోడ్, ఆమెతో పాటు రూత్ జాన్‌పాల్, ఇద్దరూ ట్రాన్స్ మహిళలే, 2022లో ఉస్మానియాలో డాక్టర్లుగా చేరారు. ఓపీ బల్లకు ఇవతలే కాదు, అవతల కూడా వాళ్ళు కూర్చోగలరు. ఇది మీ అమ్మకు చెప్పు.

అమ్మ మాటకొస్తే, మెంటల్ డాక్టర్‌కు చూపిస్తే మారుతుందా అని. మారదు. ఇది జబ్బు కాదు. మారుస్తామని చెప్పి వైద్యం చేసే డాక్టరుది వృత్తి తప్పిదమని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే అన్ని రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్ళకు రాసింది. అయినా గుట్టుగా చేసేవాళ్ళు ఉన్నారు, పైసలు గుంజుతారు, మగతగా పడుకోబెట్టే గోళీలిస్తారు. వాళ్ళ దగ్గరికి తీసుకుపోతే ఏడేండ్ల తర్వాత దొరికిన మనిషి మళ్ళీ దొరకదు. నీకు, అమ్మకు మనసు బరువుగా ఉంటే 14416 టెలిమానస్‌కు చెయ్యండి, అది మీకోసం. అమ్మను ఇంకోటి కూడా అడిగి చూడు. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు పోయినప్పుడు, చీర కట్టి, పసుపు పూసుకుని శివమూగే మగ శివసత్తులు ఎదురొస్తే అమ్మ ఏం చేస్తుంది? కొంగు పట్టి దండం పెట్టుకుంటుంది. శివసత్తులూ ట్రాన్స్‌జెండర్లూ ఒకటేనని నేను చెప్పను, అది వేరే కథ. కానీ చీర కట్టిన మగపుట్టుక మన ఊళ్ళకు కొత్త కాదు. గుడి దగ్గర దండం, ఇంటి దగ్గర కర్ర. అంతే తేడా.

ఇప్పుడు పడుకునే చోటు. ఆరు నెలల మందు స్టేషన్ బయట పడుకుని పూర్తిచేయడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. గోళీలు తడుస్తాయి, సంచీ పోతుంది, పోలీసులు లేపుతారు. కార్పొరేషన్ వాళ్ళ నైట్ షెల్టర్లు ఉంటాయి, మున్సిపల్ ఆఫీసులో పట్టణ పేదల పథకాలు చూసే మెప్మా వాళ్ళను అడిగితే చెప్తారు. పోయే ముందు ట్రాన్స్ మహిళకు ఆడవాళ్ళ వైపు చోటిస్తారా అని అడుగు. మగవాళ్ళ హాల్లో పడుకోమంటే స్టేషనే నయమని తను తిరిగొచ్చేస్తుంది, తప్పు తనది కాదు. వానాకాలం, చలికాలం నాలుగు రాత్రులకు షెల్టర్ పనికొస్తుంది, ఆరు నెలలకు కాదు.

ఆరు నెలలకు కావలసింది గది. వీళ్ళకు గది ఎందుకు దొరకదో తెలుసా? పైసలు లేక మాత్రమే కాదు. ఉన్నా ఇవ్వరు, ఇస్తే ఎక్కువ కిరాయి గుంజుతారు, నలుగురు ఏదో అంటే వారంలో ఖాళీ చేయమంటారు. నువ్వు ఇవ్వగలిగిన పెద్ద సాయం ఇక్కడుంది. అడ్వాన్సు ఇవ్వడం సంగతి తర్వాత, కిరాయి అగ్రిమెంట్ మీద నీ సంతకం పెట్టు. ఓనర్‌కు ముందే ఉన్న సంగతి చెప్పు, ‘మా చెల్లె ఉంటది, ఏమన్నా ఉంటే నాకు ఫోన్ చెయ్యి’ అను. దాచిపెట్టి తీసుకుంటే మళ్ళీ అదే వీధిన పడడం. పదిమందిలో ఒకరు ఒప్పుకుంటారు. రైల్వే క్వార్టర్ల వైపు, మిల్లు కాలనీల వైపు మనుషులకు కాస్త దయ ఉంటుందని నా అనుభవం, ఎందుకో మరి.

అమ్మ ఉండే ఇంటి సంగతి కూడా చెప్పక తప్పదు. 2019 ట్రాన్స్‌జెండర్ చట్టంలో తల్లిదండ్రులు ఉండే ఇంట్లో ఉండే హక్కు వాళ్ళకు రాసి ఉంది. ఇంట్లోంచి, ఊర్లోంచి బలవంతంగా వెళ్ళగొడితే ఆరు నెలల నుంచి రెండేండ్ల దాకా జైలు. మీ బాపు చేసిన పని ఈ రోజు చేస్తే నేరం. పోయిన మనిషిని తిట్టడానికి కాదు. బాపు పోయాక ఎమ్మార్వో ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని ఉంటారు. అందులో తన పేరు ఉందా? నాలుగు పేజీల ఉత్తరంలో ఆ మాట లేదు, అందుకే అడుగుతున్నాను. వీలునామా లేకపోతే, మీరు హిందువులైతే, బాపు సొంత ఆస్తిలో భార్యకు, పిల్లలందరికీ సమాన వాటా. కొడుకన్నా కూతురన్నా వాటా ఒకటే కాబట్టి చీర కట్టినందుకు ఒక్క గజం తగ్గదు. ‘ఎక్కడున్నడో తెల్వదు’ అని పేరు వదిలేసి ఉంటే ఇప్పుడు తెలిసింది కదా, సరిచేయించు. ఇంటికి రావడం, రాకపోవడం తన ఇష్టం. కాగితంలో ఉండడం తన హక్కు.

దీనికి వకీలు కావాలంటే హనుమకొండ కోర్టులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండి, లేకపోతే 15100కు ఫోన్ చేయండి. ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డుకు దరఖాస్తు ఎట్లా చేయాలో కూడా అక్కడే అడగవచ్చు. అది కేంద్రం ఆన్‌లైన్ పోర్టల్లో పెట్టుకోవాలి, కలెక్టర్ పేరు మీద వస్తుంది. కాజీపేట హనుమకొండ జిల్లాలోకి వస్తుంది, వరంగల్ కలెక్టరేట్‌కు పోయి చెప్పులు అరగదీసుకోకండి. 2021లో పేర్లు మార్చాక ఈ తికమక చాలామందికి ఉంది. కార్డు ఉంటే ఆధార్‌లో పేరు మార్చడం తేలిక అవుతుంది. కానీ ఒకటి గట్టిగా పట్టుకో. టీబీ మందుకు ఆ కార్డు అక్కర్లేదు. ‘ముందు కార్డు తెచ్చుకో’ అని ఎవరన్నా అంటే వినకు.

మీ ఆయన గురించి పెద్దగా చెప్పేది లేదు. ఈ రాత్రే చెప్పు. ఇంటికి తెస్తున్నానని కాదు, దవాఖానకు తీసుకుపోతున్నానని. ఆ మాటకు వద్దనే మగవాళ్ళు తక్కువ. పిల్లలకు నువ్వేమీ ఉపన్యాసం చెప్పనక్కర్లేదు, ‘పిన్ని’ అంటే పిన్ని అంటారు. పిన్నికి గొంతు అట్లా ఎందుకుందని ఒకసారి అడుగుతారు, తర్వాత ఫోన్లో గేములు ఉన్నాయా అని అడుగుతారు.

తన గురువును, తోటివాళ్ళను చిన్నచూపు చూడకు. వాళ్ళ జమాత్‌లో కట్టుబాట్లున్నాయి, అప్పులున్నాయి, కొట్లాటలున్నాయి, అన్నీ మంచివే అని నేననను. కానీ ఈ ఏడేండ్లు తనకు జ్వరమొస్తే గంజి కాచి పోసింది వాళ్ళే. దవాఖానకు పోయే రోజు వాళ్ళలో ఒకరిని కూడా వెంట తీసుకుపో. దగ్గరదగ్గరగా పడుకునేవాళ్ళు కాబట్టి టీబీ తేలితే వాళ్ళకూ పరీక్ష కావాలి.

ఈ మధ్య యూనివర్సిటీ హాస్టల్ నుంచి ఒక అబ్బాయి రాశాడు. ఇంకో అబ్బాయిని ఇష్టపడుతున్నాడు, ఇంట్లో తెలిసి ఫీజు ఆపేశారు, సెలవులకు ఎక్కడికి పోవాలో తెలియడం లేదు. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అది నేరం కాదని చెప్పిందని అతనికి తెలుసు. మెస్ బిల్లు ఎట్లా కట్టాలో తెలియదు. అతని ఉత్తరమూ నీ ఉత్తరమూ ఒకే వారం వచ్చాయి. నీ చెల్లెలు కూడా ప్లాట్‌ఫారం మీదికి ఒక్క రోజులో రాలేదు, ముందు బాపు ఇంట్లోంచి వెళ్ళగొట్టాడు, తర్వాత ఎవరో గది ఖాళీ చేయించారు. అతనికి అక్క ఉందో లేదో రాయలేదు.

సోమవారం ఓపీలో జనం కిటకిటలాడతారు, మంగళవారమో బుధవారమో చూసుకో, పొద్దున్నే పొండి. ఇద్దరూ మాస్కులు పెట్టుకోండి. ఆటోలో పక్కల తెరలు ఎత్తించు, గాలి ఆడాలి. అన్నం డబ్బా, ఒక పాత దుప్పటి, నీ నంబరు రాసిన కాగితం ఇవ్వు. మొదటిసారి రానంటుంది. బతిమాలకు, ఏడవకు, డబ్బా ఇచ్చి వచ్చేయ్. రెండు రోజులాగి మళ్ళీ పో. ప్లాట్‌ఫారం టికెట్ 10 రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది.